ఉప్పలయ్య కొడుకు చేసిన కొలువు

కృపాకర్ గొంతు పెంచకుండా ఒక తగాదా గెలవడం సత్తమ్మ కళ్లారా చూసింది. అరుపులు లేకుండా ముగిసిన తగాదా ఆమె చూసిన వాటిలో అదొక్కటే. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆమెకు కొంచెం వెలితిగానే అనిపించింది.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల రోడ్డు మీద సత్తమ్మది బువ్వ హోటల్. హోటల్ అంటే పైన రేకులు, లోపల రెండు బెంచీలు, వెనక ఒక పెద్ద పొయ్యి. ఎదురుగా ఉన్న మిల్లు హమాలీలంతా మధ్యాహ్నం అక్కడే తినేవాళ్లు. అది యాసంగి వడ్లు వచ్చే కాలం. నిడమనూరు దిక్కు నుంచీ హుజూర్‌నగర్ దిక్కు నుంచీ వచ్చిన ట్రాక్టర్లు మిల్లు గేటుకు ముక్కు ఆనించి వరుసగా నిలబడ్డాయి. లోపల బియ్యం ఎత్తిన లారీలు బయటికి రావాలి. ఉన్నది ఒకటే గేటు. లారీలు పోవాలంటే ట్రాక్టర్లు వెనక్కు జరగాలి. జరిగితే తమ వరుస పోతుందని రైతులు జరగడం లేదు. ఎవరి వెనక ఎవరో రాసి పెట్టమంటే, రాయడం తన పని కాదని మిల్లు సూపర్‌వైజర్ ఉపేందర్ అంటున్నాడు. మాటలు ముందు వడ్ల మీద మొదలయ్యాయి. తరువాత మనుషుల మీదికి, ఆ తరువాత వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్ల మీదికి వెళ్లాయి. సత్తమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చి నిలబడింది. ఇంకాసేపట్లో తానూ దిగుదామనే ఉంది.

లోపల బెంచీ మీద పెరుగన్నం తింటున్న కృపాకర్ లేచి చేయి కడుక్కున్నాడు. అప్పటికి అతను సైన్యంలో మేజర్. సెలవు మీద వచ్చాడు. ఒంటి మీద లుంగీ, బనీను. ఆ మిల్లులోనే బస్తాలు మోసే ఉప్పలయ్య కొడుకే ఈ ఆఫీసరని ఉపేందర్‌కు తెలుసు కాబట్టి అతను కాస్త తగ్గి నిలబడ్డాడు.

"లారీలు బయటికి రాకపోతే ఏమైతదన్నా?" అని కృపాకర్ అడిగాడు.

"ఏమైతది సార్, బియ్యం పోవు."

"పోకపోతే?"

"గోదాం ఖాళీ గాదు."

"గాకపోతే?"

"కొత్త వడ్లు దించుకోం."

"దించుకోకపోతే?"

"ట్రాక్టర్లు గీడనే ఉంటయ్."

"గీడనే ఉంటె?"

ఉపేందర్ నోరు తెరిచాడు. ట్రాక్టర్లు ఇక్కడే ఉంటే లారీలు బయటికి రావు. అది చెబితే కృపాకర్ మొదట అడిగిన దగ్గరికే వస్తుంది. అందుకని నోరు మూసుకున్నాడు. కృపాకర్ ఒక సుద్దముక్క ఇమ్మన్నాడు, తానే రాస్తానన్నాడు. ఆఫీసర్ చేత రాయించానని తెలిస్తే యజమాని ఊరుకోడని ఉపేందరే సుద్దముక్క పట్టుకుని ప్రతి ట్రాలీ మీదా అంకె వేశాడు. ట్రాక్టర్లు వెనక్కు జరిగాయి. లారీలు పోయాయి. కృపాకర్ తిరిగొచ్చి మిగిలిన పెరుగన్నం తిన్నాడు.

ఈ పిలగాడు ఎవరని ఒక రైతు ఉప్పలయ్యను అడిగాడు. ఉప్పలయ్య అప్పుడే ఒక బస్తా దించి, కొక్కెం భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"నా కొడుకు. మిల్ట్రీల పెద్ద ఆఫీసర్. బార్డర్ల కొట్లాడుతడు."

కృపాకర్ ఆ మాట విన్నాడు. నీళ్లు తాగాడు. సత్తమ్మ మాత్రం గిన్నెను బండ మీద కొంచెం గట్టిగా పెట్టింది. కృపాకర్ బార్డర్లో ఎన్నడూ ఎవరితోనూ కొట్లాడలేదు. అతని కొలువు అది కాదు. ఆ సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

ఉప్పలయ్య, సత్తమ్మ మిల్లుల వెనక ఒకే సందులో గోడకు గోడ. ఆయనది చర్చికి పోయే ఇల్లు, ఈమెది బోనం ఎత్తే ఇల్లు. ఆయన ఈమెను చెల్లె అనేవాడు, ఈమె ఆయనను అన్నా అని పిలిచి ఆ తరువాత తిట్టేది. ఉప్పలయ్య భార్య సరోజ జబ్బు చేసి పోయినప్పుడు కృపాకర్ ఇంకా బడి పిల్లవాడు. అప్పటి నుంచి వాడి పళ్లెం సత్తమ్మ ఇంట్లోనే. ఇందులో దయ ఏమీ లేదని ఆమె అంటుంది. హోటల్ వంటలో ఒక పిల్లవాడు తిన్నా తెలియదు, తినకపోయినా తెలియదు.

ఉప్పలయ్యకు జీవితంలో ఒకటే పట్టుదల. తన కొడుకు భుజం మీద బస్తా పడకూడదు. ఒకసారి దసరా సెలవుల్లో, మిల్లులో మనుషులు తక్కువ పడ్డారని, హైస్కూల్ చదివే కృపాకర్ సరదాగా వెళ్లి ఒక బస్తా కింద మెడ పెట్టాడు. ఉప్పలయ్య తన బస్తాను అక్కడే వదిలేసి వచ్చి చెంప మీద కొట్టాడు. ఆ బస్తా పగిలి బియ్యం నేల పాలయ్యాయి. మేస్త్రీ ఆయనను తిట్టాడు. ఆయన ఒక్క మాట కూడా తిరిగి అనకుండా బియ్యం ఎత్తి, చెరిగి, మళ్లీ నింపాడు. సాయంత్రం కృపాకర్ వాచిన చెంపతోనే సత్తమ్మ దగ్గర అన్నం తిన్నాడు. కొట్టినందుకు బాధ లేదట. అంత బియ్యం పారబోసినందుకు మాత్రం ఆశ్చర్యంగా ఉందట.

డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీలో చేరాడు. ఆఫీసర్ పరీక్ష రాశాడు. రెండుసార్లు తప్పాడు. ఉప్పలయ్య రెండుసార్లూ చర్చిలో కొబ్బరికాయ కొట్టబోతే పాస్టర్ వద్దన్నాడు. మూడోసారి పాసయ్యాడు. డెహ్రాడూన్‌లో ట్రైనింగ్ పూర్తయిన రోజున తల్లిదండ్రులే కొడుకు భుజానికి నక్షత్రం పెట్టాలట. ఉప్పలయ్య కొత్త బూట్లు కొనుక్కుని, సత్తమ్మ చేసిన కారప్పూస డబ్బా పట్టుకుని రైలెక్కాడు. ఏండ్ల తరబడి కొక్కెం పట్టుకున్న వేళ్లు కదా, నక్షత్రం వంకరగా పెట్టాడు. ఫోటోలో ఇప్పటికీ అది వంకరగానే ఉంది. బూట్లు మాత్రం కరిచాయని దారి పొడవునా చేతిలో పట్టుకుని వచ్చాడు.

ఆ తరువాత వచ్చిన మొదటి సెలవులో కృపాకర్ సత్తమ్మ హోటల్లో కూర్చుని చెప్పాడు. తనను వేసింది తుపాకులు పట్టుకుని ముందుకు పోయే దాంట్లో కాదు. సైన్యానికి బియ్యం, పప్పు, కిరసనాయిలు, బండ్లు అందించే శాఖలో.

"అంటే తిండి పంపే కొలువా?" అంది సత్తమ్మ.

"తిండి పంపే కొలువే అత్తా."

"అయితే నా కొలువే. నాకు టోపీ లేదు గంతే. మీ బాపుకు చెప్పినవా?"

చెప్పాడట. ఉప్పలయ్య శ్రద్ధగా విని, కొడుకు వీపు తట్టి, చిన్నగా నవ్వాడట. బయటికి గట్లనే చెప్పమంటరు గదా బిడ్డా, రహస్యం, నాకు తెల్సు అన్నాడట. ఆ రోజు నుంచి కృపాకర్ నిజం చెప్పిన ప్రతిసారీ ఆయన అలాగే నవ్వాడు. కొడుకు ఎంత గట్టిగా కాదంటే రహస్యం అంత పెద్దదని ఆయన లెక్క. మిల్లుల రోడ్డులో కృపాకర్ ఒక్కో సెలవుకు ఒక్కో మెట్టు ఎక్కాడు. సైన్యం ఇంకా కెప్టెన్ అంటుండగానే మిర్యాలగూడ అతన్ని బ్రిగేడియర్ చేసింది.

అసలు జరిగింది వేరు. కెప్టెన్‌గా అతన్ని ఒక హెడ్‌క్వార్టర్స్‌లో స్టాఫ్ ఆఫీసర్‌గా వేశారు. స్టాఫ్ ఆఫీసర్ అంటే ఏమిటో సత్తమ్మ తన హోటల్లో తినేవాళ్లకు ఇలా విడమరిచి చెప్పేది. పెళ్లిలో దండ వేసుకునేవాడు ఒకడుంటాడు. టెంటు వాణ్ని, వంట వాణ్ని, నీళ్ల ట్యాంకర్‌ను వేళకు పిలిచేవాడు ఇంకొకడుంటాడు. మొదటివాడు లేకపోతే పెళ్లి ఆగుతుంది. రెండోవాడు లేకపోతే పెళ్లి జరుగుతుంది గానీ జనం తిట్టుకుంటూ పోతారు. ఫోటోలో మొదటివాడే ఉంటాడు. పెద్ద సాబ్ రేపు ఫలానా కొండ మీదికి ఒక పల్టన్, అంటే ఒక పటాలం, పోవాలంటాడు. ఏ రైలు, ఎన్ని లారీలు, ఎవరి వెనక ఎవరు, అక్కడ ఏం తింటారు, ఏం కప్పుకుంటారు, అన్నీ చూసేది ఇతను.

అక్కడే ఒక తప్పు కూడా చేశాడు. అది మిర్యాలగూడలో పుట్టినవాడు మాత్రమే చేయగల తప్పు. చలికాలంలో మంచు పడి దారి మూసుకుపోయే ఒక లోయకు, దారి ఉన్నప్పుడే ఆరు నెలల తిండి పంపాలి. పోబోయేది తమిళ పల్టన్. అన్నం తినేవాళ్లు. కృపాకర్ సంబరపడి, బియ్యం ఎక్కువ, గోధుమపిండి తక్కువ పంపాడు. అవి కూడా ఏరి కోరి సన్నబియ్యం. మంచి బియ్యాన్ని వద్దనే మనిషి ఉంటాడని అతను అప్పటిదాకా ఎక్కడా చూడలేదు. తీరా దారి మూసుకునే ముందు పైవాళ్లు తమిళ పల్టన్‌ను ఆపి సిక్కు పల్టన్‌ను పంపారు. పల్టన్ మారవచ్చన్న ఆలోచన అతనికి రాలేదు. ఆ చలికాలమంతా ఆరడుగుల సర్దార్లు పొద్దున అన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం తిన్నారు. వసంతంలో దిగివచ్చిన వాళ్ల సుబేదార్ కృపాకర్ బల్ల ముందుకు వచ్చి సెల్యూట్ కొట్టి, బియ్యం చాలా బాగున్నాయి సాబ్, ఇంకెన్నడూ పంపకండి అని చెప్పి వెళ్లిపోయాడు. పై ఆఫీసర్లు కూడా పిలిచి మాట్లాడారు. ఏం మాట్లాడారో కృపాకర్ చెప్పలేదు. కూర్చోమనలేదని మాత్రం చెప్పాడు.

ఏ పనికైనా ఆ తరువాత ఏమైతది, దాని తరువాత ఏమైతది అని అడగడం అప్పుడు పట్టుకున్న అలవాటే. పెళ్లయ్యాక కూడా పోలేదు. అతని భార్య దీప కోదాడ అమ్మాయి, టీచర్. ఆమె సత్తమ్మతో చెప్పుకునేది.

"ఉప్పు అయిపోకముందే ఉప్పు తెస్తారండీ పిన్నిగారూ. వానాకాలం రాకముందే గొడుగులు లెక్క చూస్తారు. సినిమాకి రమ్మంటే, వెళ్తే ఆ తర్వాత ఏమవుతుందని అడుగుతారు. ఈ మనిషితో ఎలాగండీ?"

"మా అన్న కంటె నయమే బిడ్డా. ఆయన అయిపోయినంక గూడ తేడు," అంది సత్తమ్మ.

కొండల మీద యుద్ధం వచ్చిన ఎండాకాలంలో ఉప్పలయ్య పని ఎగ్గొట్టి సత్తమ్మ హోటల్లో టీవీ ముందు కూర్చున్నాడు. మంచులో పాకుతూ పోయే ప్రతి జవానులోనూ కొడుకును వెతికాడు. వాడే, నడక చూడు అని హమాలీలకు చూపించాడు. హమాలీలు తింటూ తలలూపారు. ఆ సమయానికి కృపాకర్ కొండల కింద, గూడ్సు బండ్లు నిలిపే, ఎండకు కాలే ఒక రైల్వే సైడింగులో, సాక్సులు ముందు ఎక్కించాలా కిరసనాయిలు ముందు ఎక్కించాలా అని ఒక స్టేషన్ మాస్టర్‌తో వాదిస్తున్నాడు. నెల తరువాత ఫోన్ చేసి, బాపూ నేను రైల్వే స్టేషన్‌లో ఉన్న అని చెప్పాడు. ఉప్పలయ్య ఫోన్ పెట్టేసి సత్తమ్మ వైపు తిరిగి అదే నవ్వు నవ్వాడు. రైల్వే స్టేషనట.

తరువాత నీలగిరి కొండల్లోని స్టాఫ్ కాలేజీకి పంపారు. అక్కడికి అందరినీ పంపరు. తిరిగొచ్చి మేజర్‌గా, లెఫ్టినెంట్ కర్నల్‌గా ఒక హెడ్‌క్వార్టర్స్ నుంచి ఇంకో హెడ్‌క్వార్టర్స్‌కు తిరిగాడు. వరదల్లో పడవలు పంపాడు, భూకంపంలో డేరాలు పంపాడు. ఆ పైన కర్నల్ అయితే ఒక పల్టన్‌కు పెద్ద కావచ్చు. ప్రమోషన్ల బోర్డు కూర్చుంది. పేరు రాలేదు. మళ్లీ కూర్చుంది. మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదని సత్తమ్మ అడిగితే, నాకంటే మంచోళ్లు ఉన్నరు అత్తా అన్నాడు. ఇలాంటి జవాబులు చెప్పేవాడికి పేరు ఎట్లా వస్తుందని ఆమె అనుకుంది, పైకి కూడా అంది.

యాభై నాలుగేళ్లకు రిటైరై కోదాడలో, దీప పనిచేసే బడికి దగ్గరలో ఇల్లు తీసుకున్నాడు. తండ్రిని రమ్మంటే ఉప్పలయ్య మిర్యాలగూడ వదలనన్నాడు. అక్కడైతే జనం బ్రిగేడియర్ తండ్రి అంటారు. కోదాడలో ఎవరంటారు?

పోయిన జూలైలో కథ సూర్యాపేటకు పాకింది. ఉప్పలయ్య మేనల్లుడు లింగస్వామి అక్కడ ఒక యువజన సంఘానికి అధ్యక్షుడు. ఆ సంఘంలో అధ్యక్షుడు కానివాళ్లు ఎంతమంది ఉన్నారో సత్తమ్మకు తెలియదు. ఆగస్టు పదిహేనున ఫంక్షన్ హాల్లో కృపాకర్‌కు సన్మానం పెట్టాడు. మిలిటరీకి పోదామనుకునే పిల్లలంతా వస్తారు, ముందు వరుసలో ఉప్పలయ్య మామను కూర్చోబెట్టి శాలువా కప్పుతామని చెప్పాడు. ఉప్పలయ్య ఆ రోజే తెల్ల అంగీ ఇస్త్రీకి ఇచ్చాడు. నెల ముందు.

జెండా పండుగకు మూడు రోజులుందనగా కృపాకర్ ఏర్పాట్లు చూడడానికి సూర్యాపేట వెళ్తూ, మిర్యాలగూడకు వచ్చి సత్తమ్మను కూడా బస్సు ఎక్కించుకుపోయాడు. ఆమె కళ్ల డాక్టర్‌కు చూపించుకోవలసి ఉంది. దవాఖానలో డాక్టర్ చూపించిన అట్ట మీది అక్షరాలు ఆమె సగమే చదివింది. బయటికి వచ్చాక రోడ్డు మీది ఫ్లెక్సీని మాత్రం పూర్తిగా చదివింది. మూడో తరగతి చదువు అక్కరకు రాకుండా పోదని ఆమెకు ఎప్పుడూ నమ్మకమే.

ఫ్లెక్సీ రెండంతస్తుల ఎత్తు ఉంది. ఒక యుద్ధ ట్యాంకు. దాని మీద కృపాకర్. చేతిలో పెద్ద తుపాకీ. వెనక మంటలు. మూతి మీద మెలి తిప్పిన మీసం. కింద, శత్రువుల గుండెల్లో నిదురించిన సింహం అని రాసి ఉంది. సింహం శత్రువు గుండెల్లో ఎందుకు పడుకుందో సత్తమ్మకు అర్థం కాలేదు. అడుగున, చందాలు ఇచ్చినవాళ్ల ఫోటోల పక్కన, తపాలా బిళ్లంత బొమ్మలో బీరన్న ఉన్నాడు.

బీరన్న రిటైరైన హవల్దార్. నిడమనూరు మనిషి. ఆ ఎండాకాలం యుద్ధంలో నిజంగా కొండ మీద ఉన్నవాడు, ఎడమ పాదం అక్కడే పోయినవాడు. ఇప్పుడు సూర్యాపేటలో ఒక బట్టల షాపు దగ్గర వాచ్‌మన్. ఎవరో చెబితే తన బొమ్మ చూసుకోవడానికి అతనూ అప్పుడే కర్ర ఊతంతో వచ్చాడు. తల ఎత్తి ట్యాంకును చూశాడు, తల దించి కృపాకర్‌ను చూశాడు. సెల్యూట్ కొట్టాడు.

"బీరన్నా, నేను అప్పుడు కింద ఉన్న," అన్నాడు కృపాకర్.

"తెల్సు సార్. సాక్సులు ఒక సైజు చిన్నయి పంపిండ్రు."

"పెద్దయి పక్క పల్టన్‌కు పోయినయ్."

"గట్లనా," అన్నాడు బీరన్న. మళ్లీ పైకి చూడలేదు. డ్యూటీకి వేళయిందని వెళ్లిపోయాడు. సభలో అతనికి వేయబోయేది వెనక వరుసలో కుర్చీ.

కృపాకర్ నేరుగా లింగస్వామి దగ్గరికి నడిచాడు. సత్తమ్మ వెనకే నడిచింది, ఈసారైనా అరుపులు ఉంటాయేమోనని. ఫ్లెక్సీ తీసెయ్యమన్నాడు కృపాకర్. తనకు మీసం లేదన్నాడు.

"మిల్ట్రీ ఆఫీసర్‌కు మీసం లేకపోతే మంచిగుండదని షాపాయన పెట్టిండు బావ. దానికి వేరే పైసలు గూడ తీసుకోలే," అన్నాడు లింగస్వామి.

"నేను ట్యాంకు ఎన్నడు ఎక్కలే."

"అది బొమ్మ గద బావ. ఎవడన్న ఎక్కుమంటడా?"

"తీసేస్తే ఏమైతదిరా?"

"మామ పరువు పోతది."

"పోతే?"

లింగస్వామి మొదటిసారి నవ్వడం ఆపాడు. "మామ ముప్పై ఏండ్ల సంది గదే చెప్పుకుంట బతుకుతుండు బావ. అది పోయినంక ఏమైతదో నువ్వే చెప్పు."

కృపాకర్ ఇంకో ప్రశ్న అడగకుండా బస్టాండు వైపు తిరిగాడు. అతను ఓడిపోవడం కూడా సత్తమ్మ చూసింది. ఇద్దరూ బస్సెక్కి, దారి పొడవునా మాట్లాడుకోకుండా వచ్చారు. ఆమె మాట్లాడకుండా ఉండడం కండక్టర్‌కు కూడా వింతగా తోచి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

పండుగ ముందు రోజు మధ్యాహ్నం, హమాలీలంతా తిని వెళ్లాక, కృపాకర్ కోదాడ నుంచి వచ్చి హోటల్ బెంచీ మీద కూర్చున్నాడు. ఇప్పుడు పొయ్యి దగ్గర సత్తమ్మ కోడలు కవిత ఉంటుంది. సత్తమ్మ కుర్చీలో కూర్చుని ఉప్పు ఎక్కువైందని చెబుతూ ఉంటుంది. ఆమె అతనికి అన్నం పెట్టమంది. అతను తినలేదు. ఇప్పుడే బాపు దగ్గరికి పోయి వచ్చానన్నాడు. మళ్లీ చెప్పాడట, ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటా. ఆయన అంగీ మడతలు సరిచేసుకుంటూ విని నవ్వాడట.

"రేపు బీరన్న ముందర ఆ బొమ్మ కింద నిలబడి నేను మాట్లాడలేను అత్తా. మిల్ట్రీకి పోదామని వచ్చిన పిలగాండ్లు ఉంటరు. వాళ్లకు అబద్ధం చెప్పలేను. నిజం చెప్తె బాపు నలుగురిల చిన్నగైతడు. ఆయనకు ఒక్కసారి అర్థమైతే చాలు. తెల్వకనే గద గట్ల చెప్పుకుంటుండు."

సత్తమ్మ చాలా కాలంగా ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు కుర్చీ అతని వైపు తిప్పుకుంది.

"తెల్వదని నీకెవరు చెప్పిండ్రు?"

"రహస్యం రహస్యం అని నవ్వుతడు గదా."

"ఆయన నవ్వుతడు, నువ్వు నమ్ముతవ్. మీ బాపుకు అన్నీ తెల్సు. నువ్వు మొదటి లీవుకు వచ్చిన నాడే తెల్సు."

ఆమె చెప్పింది. మోకాళ్లు పని చేయక ఉప్పలయ్య మిల్లు మానేసిన సాయంత్రం, ఇదే బెంచీ మీద కూర్చుని, కొక్కెం ఒళ్లో పెట్టుకుని ఆమెతో అన్నాడు. నేను మిల్లు నుంచి లారీ దాక మోసిన చెల్లె. వాడు మోయొద్దని సదివిచ్చిన. వాడు సదివి సదివి మళ్ల బస్తాల కాడికే పోయిండు. ఇది నేను ఎవరికి చెప్పుకోవాలె? ఆ రోజు సత్తమ్మ ఆయనను తిట్టలేదు. అట్లాంటి రోజులు ఆమెకు ఎక్కువ లేవు.

కృపాకర్ ఎదురుగా ఉన్న మిల్లు గేటు వైపు చూశాడు. లోపల హమాలీలు లారీకి చెక్క వేసి బస్తాలు ఎక్కిస్తున్నారు. ఇన్నేళ్లూ తన కొలువు ఏమిటో తండ్రికి తెలియదనుకుని అదే చెబుతూ వచ్చాడు. అది చిన్న కొలువు కాదని మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. అలా చెప్పాల్సి ఉంటుందనే అతనికి తట్టలేదు.

"నువ్వు పోయి చెప్పాలె అత్తా," అన్నాడు.

"నేనా? నీ నాయిన. నీ నోరు లేదా?"

"నేను చెప్తె నవ్వుతడు. నీ ముందర ఆయన నవ్వలేడు. రేపు లింగస్వామి కారు పంపుతడు. అది రాకముందే పో. నేను సూర్యాపేటల మైకు పట్టుకొని, నేను ఎవర్ని చంపలే, బస్తాలు పంపిన అనే చెప్త. ఫ్లెక్సీల మీసం నాది గాదని గూడ చెప్త. బీరన్నను ముందు కుర్చీల కూసోబెడ్త. అది బాపు గాడ జనంల మొదటిసారి వినొద్దు. ముందుగాల ఇంట్ల, నీ నోటి నుంచి వినాలె."

"ఏమని చెప్పాలె?"

"ఉన్నదే చెప్పు. నీ కొడుకు బస్తాలే పంపిండు, నువ్వు మోసినట్టే. దానికి వాడు సిగ్గుపడుతలేడు, నువ్వు పడకు అని చెప్పు."

"ఇంత మెల్లగ నాకు చెప్పరాదు బిడ్డా. నాకు తెల్సింది ఒకటే తీరు."

"తెల్సు. అందుకే అడుగుతున్న. తిట్టకుండ చెప్పు అత్తా. ఒక్క పూటకే."

సత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయన సభకు రానని మొండికేస్తే ఏం చేయాలని అడిగింది.

"వస్తనంటే అంగీ తొడిగిచ్చి కారెక్కియ్యి. రానంటే బలిమి చెయ్యకు. నేను మాట్లాడి వచ్చేదాక నువ్వు గాడనే ఉండు. ఆయన పక్కన కూసో. ఒక్కన్ని ఇడిసిపెట్టకు."